లింటన్ రైలు మోడల్: 1925లో పెట్టెల రంగు ఎలా ఉండేదో తెలిసినవాళ్ళున్నారా?

ఇంగ్లండ్‌లోని డెవాన్‌లో 1898 నుంచి 1935 దాకా నడిచిన లింటన్–బార్న్‌స్టేపుల్ న్యారోగేజ్ రైలుని ఇంట్లో మోడల్‌గా చేస్తున్నానండి, 4 మి.మీ. స్కేల్ (అంటే అసలు అడుగుకి మోడల్‌లో 4 మి.మీ.), 9 మి.మీ. పట్టాల మీద (అసలు గేజ్, అంటే పట్టాల మధ్య దూరం, రెండడుగులకి అర అంగుళం తక్కువ).

ఇంజిన్‌కి 'లూ'ని ఎంచుకున్నాను, అది వచ్చింది 1925లో, అప్పటికి లైన్ బ్రిటన్‌లోని సదరన్ రైల్వే కంపెనీ చేతిలో ఉంది కాబట్టి దానికి ఆకుపచ్చ రంగు వేయడంలో సందేహం లేదు. చిక్కంతా పెట్టెలతోనే. పాత కంపెనీ రోజుల్లో పైభాగం తెల్లగా, కింద ముదురు ఎరుపు-గోధుమ రంగులో ఉండేవి, సదరన్ వచ్చాక అవీ ఆకుపచ్చకి మారాయి, కానీ అన్నీ ఒకేసారి మారి ఉండవు కదా! ఆ ఏడాది వేసవిలో కొత్త లూ వెనకాల ఒకటి పాత రంగుది, రెండు ఆకుపచ్చవి పెడితే తప్పవుతుందా? నలుపు-తెలుపు ఫోటోలు ఎంత చూసినా తేలట్లేదు.

ఇప్పుడు ఉడీబే స్టేషన్ దగ్గర ఆ లైన్ కొంత మళ్ళీ నడుస్తోంది, తోటల్లో షెడ్లుగా మిగిలిన పాత పెట్టెల్ని బాగుచేసి వాడుతున్నారు. అక్కడికి వెళ్ళిన మనవాళ్ళెవరైనా ఉంటే, మధ్యలో పక్కలు తెరిచి ఉండే పెట్టె లోపలి ఫోటోలు పంపగలరా? సీట్ల వరస, చెక్క రంగు కనిపిస్తే చాలు.

ఇంకోటి, హైదరాబాద్‌లో 9 మి.మీ. పట్టాలు ఎక్కడ దొరుకుతాయి? విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ ఖర్చు చూస్తేనే టెన్షన్.