గాజీని మనం ముంచామా, దానంతట అదే మునిగిందా?

సాగరతీరం:

నేవీ డే దగ్గరపడితే చాలు, వాట్సాప్‌లో ఒకటే సందేశం తిరుగుతుంది. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి మన ఐఎన్ఎస్ రాజ్‌పుట్ విశాఖ రేవు ముందు డెప్త్ చార్జీలు (నీటి లోతులో పేలే బాంబులు) వేసి పాకిస్తాన్ సబ్‌మెరీన్ గాజీని ముంచేసిందని. పాకిస్తాన్ నేవీ మాట వేరు. గాజీ తాను వేస్తున్న మైన్లకే (నీటిలో పెట్టే మందుపాతరలకే) తాను బలైందని వాళ్లంటారు. యాభై ఏళ్లు దాటినా ఈ తగువు తెగలేదు. ఇక్కడ చదివినవాళ్లు, నేవీతో సంబంధం ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఒకసారి తీరిగ్గా మాట్లాడుకుందాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గాజీ ప్రాణం తీసింది దాని లోపలే జరిగిన పేలుడు. కానీ అది అంత దూరం నుంచి వచ్చి విశాఖ గుమ్మం ముందు నిలబడేలా చేసింది మాత్రం మన తూర్పు నౌకాదళమే. అసలు ఘనత అక్కడుంది. మనం మాత్రం డెప్త్ చార్జీల దగ్గరే కొట్టుకుంటున్నాం.

గాజీ పుట్టింది అమెరికాలో. పేరు డయాబ్లో, టెంచ్ తరగతి. 1945లో నేవీలో చేరింది, మొదటి గస్తీకి బయల్దేరేసరికి రెండో ప్రపంచ యుద్ధం ముగింపుకొచ్చింది. 1964లో పాకిస్తాన్‌కు దక్కి ఉపఖండంలోనే తొలి సబ్‌మెరీన్ అయింది. 1965 యుద్ధంలో బొంబాయి వైపు గస్తీ తిరిగింది, మన యుద్ధనౌక బ్రహ్మపుత్రను ముంచామని చెప్పుకుంది. బ్రహ్మపుత్రకు గీత కూడా పడలేదు. తర్వాత టర్కీలో మరమ్మతులు చేయించుకుని, మైన్లు వేసే ఏర్పాటుతో తిరిగొచ్చింది.

1971లో పాకిస్తాన్ దగ్గర కొత్త ఫ్రెంచి సబ్‌మెరీన్లు మూడున్నాయి. కరాచీ నుంచి శ్రీలంకను చుట్టి బంగాళాఖాతం దాకా వచ్చి తిరిగి వెళ్లే సత్తా మాత్రం ముసలి గాజీకే ఉంది. దాన్ని పంపింది విక్రాంత్ కోసం. విక్రాంత్ బాయిలర్ ఒకటి పగుళ్లిచ్చి వేగం తగ్గిపోయిన రోజులవి. ఆ ఒక్క విమానవాహక నౌక మునిగితే తూర్పు పాకిస్తాన్ చుట్టూ దిగ్బంధం పెట్టడం మన వల్ల అయ్యేది కాదు. నవంబర్ 14న కమాండర్ జఫర్ ముహమ్మద్ ఖాన్ నాయకత్వంలో 90 మందికి పైగా మనుషులతో గాజీ కరాచీ నుంచి కదిలింది.

ఇక్కడి నుంచి తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ ఆట మొదలైంది. విక్రాంత్‌ను గుట్టుగా అండమాన్ల వైపు పంపేశారు. రాజ్‌పుట్ అనే పాత డిస్ట్రాయర్‌ను విశాఖకు కొంత దూరంలో నిలిపి, పెద్ద నౌకకు ఉండేంత వైర్‌లెస్ రద్దీ పుట్టించారు. విక్రాంత్‌లో పనిచేస్తున్న ఒక నావికుడు జబ్బుగా ఉన్న తల్లి క్షేమం అడిగినట్టు, రహస్య సంకేతాల్లో కాకుండా మామూలు భాషలో ఒక తంతి కొట్టించారు. విశాఖ కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు, రేషన్ భారీగా కావాలని కబురు పెట్టారు. ఊళ్లో వేగులుంటే ఆ మాట ఎటు చేరాలో అటు చేరుతుందని ఆయన లెక్క. గాజీ విశాఖ ముందుకొచ్చింది. అప్పటికి విక్రాంత్ ఇక్కడ లేనే లేదు.

మల్కాపురం రవి:

సాగరతీరం గారూ, ఎర గురించి రాసినదంతా బాగుంది. కానీ చివరికి రాజ్‌పుట్‌ను పక్కకు నెట్టేయడం అన్యాయం. ఆ రాత్రి జరిగింది వరసగా చూడండి. రాజ్‌పుట్ అర్ధరాత్రికి కాస్త ముందు చానెల్ దాటి బయటికొచ్చింది. రేవు దాటించే పైలట్ దిగిపోగానే రాజ్‌పుట్ కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్‌కు అనుమానం తట్టింది, సబ్‌మెరీన్ ఇక్కడే కాసుకుని ఉంటే? వేగం పెంచమన్నాడు. కాసేపటికి ముందువైపు నీళ్లలో సుళ్లు కనిపిస్తున్నాయని కాపలా నావికుడు కేకేశాడు. రెండు డెప్త్ చార్జీలు వేశారు. నిమిషాల తర్వాత, 12 దాటి పావుగంట ప్రాంతంలో విశాఖ అదిరిపోయేలా పేలుడు. కిటికీ అద్దాలు గలగలలాడాయని మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. పాకిస్తాన్ విమానాలు మన స్థావరాల మీద పడ్డ రాత్రి అది. రేడియోలో ఇందిరాగాంధీ మాట్లాడుతుందని జనం మేలుకునే ఉన్నారు.

డెప్త్ చార్జీలు పడ్డ తీరంలోనే, పడ్డ గంటలోనే, తనంతట తాను పేలిపోయిందంటే నమ్మమంటారా? తలమీదికి నౌక వస్తుంటే గాజీ కంగారుగా మునిగి ఉంటుంది. అక్కడ లోతు తక్కువ. ముక్కు అడుక్కి కొట్టుకుని ఉంటుంది. పైనుంచి దెబ్బ, కింద నేల. లోపల మంటలు లేచి టార్పెడోలు అంటుకున్నాయి. పేలుడు లోపలిదే కావచ్చు, అంటించింది రాజ్‌పుట్.

డీజిల్ మెకానిక్:

సబ్‌మెరీన్ల మీద పనిచేసి రిటైరయ్యాను, గాజీ మీద కాదు. ఇద్దరూ అసలు సాక్ష్యాన్ని తిరగేసి చూడలేదు కాబట్టి రాస్తున్నాను. డిసెంబర్ 4 తర్వాత దిగిన డైవర్లు చెప్పినదాంట్లో ముఖ్యమైనది ఇదీ: ముందుభాగం చీలిపోయింది, రేకులు బయటివైపుకు విచ్చుకున్నాయి. బయట దెబ్బ తగిలితే రేకు లోపలికి నొక్కుకుపోవాలి. అంటే పెద్ద పేలుడు ముందు టార్పెడో గదిలో. ఇక్కడిదాకా ఒప్పుకోవచ్చు. కానీ ఇది డెప్త్ చార్జీలు, సొంత మైన్లు, బ్యాటరీ గ్యాస్ అనే మూడు వాదనల్లో ఒక్కదాన్నీ కొట్టేయదు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే.

ఆ తరగతి సబ్‌మెరీన్ లోపలి అమరిక తెలిస్తే అర్థమవుతుంది. అన్నిటికన్నా ముందు టార్పెడో గది, ఆరు గొట్టాలు. దాని వెనక ఆఫీసర్లు పడుకునే చోటు, ఆ నేల కింద ముందు బ్యాటరీ. ఆ వెనక కంట్రోల్ రూమ్, తర్వాత సిబ్బంది పడకలు, వాటి కింద రెండో బ్యాటరీ. తర్వాత ఇంజిన్ గదులు, చిట్టచివర నాలుగు గొట్టాలతో వెనక టార్పెడో గది. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది 4 శాతం దాటితే ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ గ్యాస్‌ను బయటికి నెట్టే బ్లోయర్లు సరిగా తిరగకపోయినా, చార్జింగ్ మధ్యలో ఆదరాబాదరాగా మునగాల్సి వచ్చినా గ్యాస్ లోపలే ఉండిపోతుంది. ముందు బ్యాటరీ దగ్గర మంట లేస్తే ఒక్క గోడ అవతల టార్పెడోలు. కాబట్టి హైడ్రోజన్‌తో మొదలైనా విచ్చుకునేది ముందుభాగమే. సబ్‌మెరీన్ మైన్లు వేసేది కూడా టార్పెడో గొట్టాల్లోంచే. గొట్టంలోనో ముక్కు పక్కనో మైన్ పేలి లోపలి టార్పెడోలను లేపినా అదే ఫలితం. రవి గారు చెప్పినట్టు డెప్త్ చార్జ్ దెబ్బకు గది దద్దరిల్లి మంట అంటుకున్నా అంతే.

ఆయుధాల గదిలో నిప్పు పుడితే ఏమవుతుందో తర్వాత ప్రపంచం చూసింది. 2000లో రష్యా సబ్‌మెరీన్ కుర్స్క్‌లో మొదట ఒక టార్పెడో పేలింది, రెండు నిమిషాలకు మరికొన్ని పేలాయి. 2013 ఆగస్టులో ముంబై డాక్‌యార్డులో మన సబ్‌మెరీన్ సింధురక్షక్ ముందుభాగం పేలి 18 మంది పోయారు. ఆ రెండిట్లోనూ శత్రువు లేడు.

శ్రీను (డాలస్):

రవి అన్నా, నీ వరసంతా డిసెంబర్ 3 అర్ధరాత్రి మీద నిలబడింది. ఆ తేదీనే కాదన్న మనిషి ఒకాయన ఉన్నాడు, అదీ మన సైన్యంలోనే. తూర్పు కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా చేసిన జనరల్ జేకబ్. డిసెంబర్ 3 ఉదయమే కృష్ణన్ తనకు ఫోన్ చేసి, జాలర్లకు సబ్‌మెరీన్ శకలాలు దొరికాయని, 1నో 2నో అది మైన్లు వేస్తూ పేలిపోయి ఉంటుందని చెప్పినట్టు ఆయన రాశారు. 4న మళ్లీ ఫోన్ చేసి ఆ సంగతి మర్చిపొమ్మన్నారట. అదే నిజమైతే రాజ్‌పుట్ డెప్త్ చార్జీలు వేసింది అప్పటికే మునిగిన సబ్‌మెరీన్ మీద.

పైగా పాకిస్తాన్ వైపు రాతల ప్రకారం నవంబర్ 26కల్లా గాజీ నుంచి రావాల్సిన సందేశం రాలేదు. అప్పటినుంచే కరాచీలో కంగారు మొదలైంది. మనవాళ్లు గాజీని ముంచామని లోకానికి చెప్పింది డిసెంబర్ 9న. అదే రోజు రాత్రి అరేబియా సముద్రంలో పాకిస్తాన్ సబ్‌మెరీన్ హంగోర్ మన యుద్ధనౌక ఖుక్రీని ముంచింది, కెప్టెన్ ముల్లాతో సహా 194 మంది పోయారు. 4న మునిగితే 9 దాకా ఎందుకు ఆగారు?

మల్కాపురం రవి:

శ్రీనూ, ఆగింది డైవర్ల కోసం. నీళ్ల కింద ఉన్నది గాజీయేనని చేత్తో తడిమి రూఢి చేసుకోకుండా ఎలా ప్రకటిస్తారు? సముద్రం పోటు మీదుంది, దిగడమే కష్టమైంది. ఇక జేకబ్ గారి మాట. 1నో 2నో మునిగితే 3 అర్ధరాత్రి ఊరంతా విన్న పేలుడు దేనిది? నగరం నగరం పొరబడుతుందా? ఆయన కూర్చున్నది కలకత్తాలో. మా వాళ్లున్నది రేవు పక్కన.

సాగరతీరం:

రవి గారు ఇక్కడ గట్టి మాట అన్నారు, నేనూ ఆ పక్కే. జేకబ్ గారి మీద గౌరవం ఉంది, కానీ ఫోన్‌లో విన్న మాట ఆయనది. ఆ రాత్రి పేలుడుకు సాక్షి విశాఖ. తేదీ విషయంలో నేను 3వ తేదీ అర్ధరాత్రి దగ్గరే ఆగుతాను.

కానీ రవి గారూ, సమయం కలిసిందని కారణం కూడా కలిసినట్టు కాదు. డెప్త్ చార్జీలకూ ఆ పెద్ద పేలుడుకూ మధ్య నిమిషాలు గడిచాయి. టార్పెడోలు డెప్త్ చార్జీల దెబ్బకే లేచిపోతే వెంటనే లేవాలి. రాజ్‌పుట్ వాళ్లకు ఆ క్షణంలో నూనె గానీ శకలం గానీ కనిపించలేదు, అది తన దారిన తూర్పు వైపు వెళ్లిపోయింది. అడుగున కూర్చున్న సబ్‌మెరీన్‌లో మంట మెల్లగా ముదిరి టార్పెడోలను అందుకుంది అనొచ్చు, కాదనను. నేను కాదనేది ఒక్కటే, అనుమానాన్ని తీర్పుగా ప్రచారం చేయడం. 2010లో పత్రికల్లో వచ్చింది గుర్తుందా? గాజీకి సంబంధించిన నేవీ పత్రాలు ఎప్పుడో ధ్వంసమయ్యాయని. యుద్ధం తర్వాత అమెరికా, సోవియట్ రెండూ తమ ఖర్చుతో దాన్ని పైకి తీస్తామంటే మన ప్రభుత్వం వద్దంది. చూపించగల సాక్ష్యం చేజార్చుకుని, చూపించలేని గెలుపును చాటుకుంటే పాకిస్తాన్ వాడు వేలెత్తి చూపడా? అదే కృష్ణన్ పన్నిన వలను ముందుకు పెట్టి మాట్లాడితే ఎవడు కాదనగలడు? 4వ తేదీ నుంచే విక్రాంత్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద దాడులు చేశాయి. వాటిని ఆపడానికి ఎవరూ రాలేదు. నాకు గెలుపంటే అది.

పద్మజ కె.:

మీ చర్చ మొదట్నుంచీ చదువుతున్నాను. ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. ఆ మర్నాడు వేటకెళ్లిన జాలర్లు నీళ్ల మీద నూనె, తేలుతున్న సామాన్లు, లైఫ్ జాకెట్ చూసి నేవీకి అందించారు. మొదటి ఆచూకీ వాళ్లది. తెరచాప కట్టుకుని బయల్దేరిన మనుషులు దేశానికి ఇంత పెద్ద కబురు తెచ్చారు. అడ్మిరల్ పేరు, కెప్టెన్ పేరు, శత్రువు కమాండర్ పేరు కూడా అందరికీ తెలుసు. వాళ్లలో ఒక్కరి పేరు మీలో ఎవరైనా చెప్పగలరా? బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం ముందు పిల్లలకు ఫొటోలు తీస్తుంటాం. ఆ పక్కనే ఉన్న పేటలవాళ్లకు ఆ కథలో వాటా ఉందని పిల్లలకు ఎవరు చెబుతున్నారు?

ఇంకోటి. కొన్నేళ్ల కిందట వచ్చిన సినిమా చూసి మన సబ్‌మెరీన్ ఒకటి నీటి కింద గాజీతో పోరాడిందని నమ్మేవాళ్లు నాకు రోజూ తగులుతారు. అలాంటి పోరు జరగనే లేదు. బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరీన్ కుర్సురా 71లో పనిచేసింది అరేబియా సముద్రంలో.

గాజీలో పోయినవాళ్ల దేహాలు దొరికినంతవరకు మన నేవీ సైనిక మర్యాదలతో సముద్రంలోనే అంత్యక్రియలు చేసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త రెస్క్యూ వాహనంతో శిథిలాన్ని మళ్లీ గుర్తించినప్పుడు కూడా అది మనుషులు నిద్రిస్తున్న చోటని ముట్టుకోలేదు. పైకి తీయాలని అడిగేవాళ్లతో నేను ఏకీభవించను.

శ్రీను (డాలస్):

పద్మజ గారూ, ఆ వార్తలోనే ఇంకో సంగతి ఉంది, చాలామంది గమనించలేదు. విశాఖ తీరంలో ఉన్నది ఒక్క గాజీ కాదు. 1944 ఫిబ్రవరిలో జపాన్ సబ్‌మెరీన్ ఆర్ఓ-110ని జమున అనే నౌక, రెండు ఆస్ట్రేలియా నౌకలు కలిసి ఇక్కడే ముంచాయి. దాని మీద వేరే చర్చ పెడదాం.

డీజిల్ మెకానిక్:

పద్మజ గారితో నేనూ, పైకి తీయొద్దు. తీయాల్సిన పని కూడా లేదు. ముట్టుకోకుండా కెమెరాతో చూస్తే చాలు, మన వాదనలో సగం తేలిపోతుంది. చూడాల్సినవి ఇవి. ముందు టార్పెడో గొట్టాల బయటి తలుపులు మిగిలి ఉంటే తెరిచి ఉన్నాయా, మూసి ఉన్నాయా? తెరిచి ఉంటే ఆ సమయంలో మైన్లో టార్పెడోలో వదిలే పనిలో ఉన్నట్టు. ముందు బ్యాటరీ ఉన్న చోట పైకప్పు ఉబ్బిందా? ఉబ్బితే హైడ్రోజన్ వాదనకు బలం. పేలుడుకు దూరంగా ఉన్న వెనక సగంలో, ఇంజిన్ గదుల పక్కన రేకులు లోపలికి సొట్టపడ్డాయా? పడితే రవి గారూ, మీ రాజ్‌పుట్ గురి తప్పలేదని నేనే ముందు ఒప్పుకుంటాను. మూడోదాన్ని ఎవరైనా నేవీ హిస్టరీ విభాగానికి రాసి అడగండి, సంతకం నేను కూడా పెడతాను.

మల్కాపురం రవి:

నేను రాస్తాను. జాలర్ల పేర్ల సంగతి కూడా అందులోనే అడుగుతాను. సంతకాలు పెట్టేవాళ్లు ఈ కిందే చెప్పండి.