బబుల్ సీపాప్‌లో బుడగలు ఆగి ఆగి వస్తున్నాయి, ముక్కు ఎర్రబడింది: ఏం సరిచూడాలి?

పర్లాకిమిడి_నర్సు:
31 వారాలకు పుట్టిన బిడ్డ, 1.3 కిలోలు, పుట్టి 8 గంటలు. బబుల్ సీపాప్ మీద ఉంది (ఊపిరితిత్తులు మూసుకుపోకుండా ముక్కులోంచి ఒత్తిడితో గాలి ఇచ్చే పద్ధతి; బయటికొచ్చే గొట్టం నీళ్లలో ఎంత లోతుంటే అంత ఒత్తిడి). గొట్టం నీళ్లలో 6 సెం.మీ., ఫ్లో నిమిషానికి 6 లీటర్లు, ఆక్సిజన్ 35 శాతం, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90–92. డొక్కలు ఎగరేస్తోంది. బుడగలు ఆగి ఆగి వస్తున్నాయి. ఫ్లో 9కి పెంచితే బాగా వస్తున్నాయి, అలాగే ఉంచేయొచ్చా? ముక్కు మధ్య గోడ ఎర్రబడింది. రాత్రి చలికి గొట్టాల్లో నీరు కూడా చేరుతోంది. బరంపురం పంపాలంటే తప్తపాణి ఘాట్ దాటాలి, అందుకే ఇక్కడ చేయగలిగింది ముందు చేయాలని అడుగుతున్నాను.

బరంపురం_ఎన్ఐసీయూ:
ఫ్లో పెంచి బుడగలు తెప్పించకండి. గాలి మధ్యలో ఎక్కడో పోతోంది కాబట్టే నీటిదాకా రావడం లేదు. 9 లీటర్లు పెడితే లీకు కనపడకుండా పోతుంది, అంతే. బిడ్డ నోరు మూసిన క్షణాన ఒత్తిడి 6 దాటిపోతుంది, న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చిల్లుపడి దాని చుట్టూ గాలి చేరడం) భయం అక్కడే.

లీకు ఎటువైపో ముందు తేల్చండి. ప్రాంగ్స్ (ముక్కులో పెట్టే రెండు చిన్న గొట్టాలు) ముక్కులోంచి తీసి, గ్లవ్స్ వేళ్లతో రెండు కొనలూ మూయండి. వెంటనే బుడగలొస్తే సర్క్యూట్ (గొట్టాల వరస) బాగున్నట్టే, లీకు ముక్కు దగ్గరో నోటి దగ్గరో ఉంది. రాకపోతే ఫ్లోమీటరు నుంచి ఒక్కో అతుకూ తడుముకుంటూ రండి. టెంపరేచర్ ప్రోబు దూర్చే రంధ్రం, ప్రెషర్ పోర్టు మూత, ఈ రెండూ ఎక్కువగా మోసం చేస్తాయి.

ఎరుపుకీ లీకుకీ చాలాసార్లు కారణం ఒకటే, ప్రాంగ్స్ చిన్నవి కావడం. గాలి పక్కలనుంచి పోతుంది, ప్రాంగ్స్ ముక్కులో కదిలి గోడను రాస్తాయి. పోనివ్వకూడదని మనం లోపలికి నొక్కుతాం, గోడ ఇంకా నలుగుతుంది. ముక్కు రంధ్రం నిండేంత సైజు పెట్టండి. చుట్టూ చర్మం తెల్లబడితే మాత్రం అది పెద్దదైపోయింది. ప్రాంగ్స్ అడుగుకీ ముక్కు గోడకీ మధ్య 2 మి.మీ. ఖాళీ కంటికి కనపడాలి. ఆ ఖాళీని నిలిపేది టోపీ. అది చెవులు కప్పి కనుబొమల దాకా బిగువుగా ఉండి, గొట్టాలు రెండు పక్కలా దానికే కట్టి ఉండాలి. టోపీ పైకి జారితే ప్రాంగ్స్‌ను కూడా వెంట లాగుతుంది.

రెండు మూడు గంటలకోసారి తీసి టార్చి వేసి చూడండి. ఇప్పటికే ఎర్రబడింది కనుక, ఉంటే నేజల్ మాస్కు, ప్రాంగ్స్ మార్చి మార్చి వాడండి. మెడ కింద చుట్టిన చిన్న గుడ్డ, గడ్డం కింద వదులుగా పట్టీ. వాంతి వస్తే నోరు తెరుచుకోగలగాలి, బిగించొద్దు. నోటిలోంచి పొట్టలోకి ఓజీ ట్యూబు వేసి పై కొన తెరిచి ఉంచండి, లేకపోతే పొట్ట ఉబ్బి ఊపిరిని నొక్కుతుంది.

రాయగడ_బయోమెడికల్:
నీటి సంగతి. 37 డిగ్రీల దగ్గర పూర్తిగా తడిసిన గాలి లీటరుకి 44 మిల్లీగ్రాముల నీరు మోస్తుంది, 20 డిగ్రీల దగ్గర 17 మాత్రమే. 6 లీటర్ల ఫ్లోకి లెక్క వేస్తే గంటకి దాదాపు 10 మి.లీ. గొట్టంలోనే మిగిలిపోతుంది. బయటికి వెళ్లే గొట్టం వేడెక్కదు కాబట్టి అందులో ఇంకా ఎక్కువ. గొట్టం వేలాడి, ఆ వంపులో నీరు నిలిస్తే గాలి దాన్ని నెట్టుకుంటూ పోవాలి. బాటిల్ 6 చూపిస్తున్నా బిడ్డకు అంతకన్నా ఎక్కువే పడుతుంది. బుడగలు గుళుక్కుమంటూ ఆగి ఆగి రావడానికి ఇది కూడా కారణమే. గొట్టం బిడ్డ నుంచి బాటిల్ వైపు వాలుగా ఉంచండి, బాటిల్ బిడ్డకన్నా కింద. ఆ నీరు బాటిల్లో చేరి మట్టం పెరుగుతుంది కాబట్టి గంటగంటకీ 6 గీత చూసి ఎక్కువైంది తీసేయండి. గొట్టంలో చేరిన నీరు తిరిగి హ్యూమిడిఫైయర్ (గాలిని వేడిచేసి తడిపే పరికరం) ఛాంబర్లోకి పోయొద్దు.

వార్మర్ (బిడ్డను వెచ్చగా ఉంచే హీటరు) కింద పెట్టిన టెంపరేచర్ ప్రోబు వార్మర్ వేడినే గాలి వేడి అనుకుంటుంది. హ్యూమిడిఫైయర్ వేడి చేయడం తగ్గించేస్తుంది, బిడ్డ ముక్కులో కఫం గట్టిపడుతుంది. ప్రోబు మీద వెలుగు తిప్పికొట్టే కవరు వేయండి.

కోరాపుట్_పీడియాట్రిక్స్:
లీకు, గొట్టాల్లో నీరు, ఈ రెండూ సరిచేసి అరగంటలో మళ్లీ చూడండి. ఆ తర్వాత కూడా 6 సెం.మీ. మీద 30 శాతానికి మించి ఆక్సిజన్ కావాలంటే అది సర్ఫాక్టెంట్ (ఊపిరితిత్తుల్లోని గాలి గదులు మూసుకుపోకుండా ఉంచే మందు) వేయాల్సిన బిడ్డ. 60 శాతం దాకా ఆగొద్దు, ఇప్పుడే ఫోన్ చేయండి. కెఫీన్ సిట్రేట్ (ఊపిరి ఆగిపోకుండా ఇచ్చే మందు) కిలోకి 20 మి.గ్రా. ఇచ్చారా? శాచురేషన్ 90–95 మధ్య చాలు, 98కి ఎక్కించొద్దు, కళ్లకు ప్రమాదం. ఊపిరి పదేపదే ఆగిపోతున్నా, 7–8 సెం.మీ. మీద కూడా డొక్కలు ఎగరేయడం తగ్గకపోయినా ఊపిరి గొట్టంలోకి ట్యూబు వేయాల్సిందే. అలాంటి బిడ్డను ట్యూబు లేకుండా ఘాట్ రోడ్డెక్కించొద్దు.

నెలల పిల్లలకు హై ఫ్లో (వేడిచేసిన తడి గాలిని వేగంగా ముక్కులోకి ఇచ్చే వేరే పద్ధతి) పెట్టేవాళ్లు గమనించండి: అక్కడ ప్రాంగ్స్ లెక్క పూర్తిగా తిరగబడుతుంది, ముక్కు రంధ్రంలో సగానికి మించి మూయకూడదు. ఫ్లో కిలోకి నిమిషానికి 2 లీటర్లు. గంటలో ఊపిరి వేగం, గుండె వేగం దిగకపోతే అది పనిచేయడం లేదు.

2015లో వచ్చిన ఢాకా ట్రయల్లో న్యుమోనియా పిల్లలకు బబుల్ సీపాప్ ఇస్తే చావులు 4 శాతం, మామూలు లో ఫ్లో ఆక్సిజన్‌కి 15. 2019 మలావి ట్రయల్లో, డాక్టరు రోజూ చూడని వార్డులో, సీపాప్ గుంపులోనే ఎక్కువ మంది పోయారు: 17 శాతం, మామూలు ఆక్సిజన్‌కి 11. మలావి పిల్లల్లో హెచ్ఐవీ, పోషణలేమి ఉన్నవాళ్లున్నారు, ఆ తేడా నిజమే. అయినా రాత్రి డ్యూటీలో ఒక నర్సుకి పదిహేను మంది బిడ్డలుంటే సీపాప్ మొదలుపెట్టే ముందు నాకు గుర్తొచ్చేది రెండోదే.

బరంపురం_ఎన్ఐసీయూ:
ఒకటి మరిచాను. తల్లి సవరో ఒడియానో మాట్లాడితే, ఆ భాష వచ్చిన ఆయాను పక్కన నిలబెట్టి టోపీ, గొట్టాలు చూపించి చెప్పించండి. పాలు పట్టబోయి ప్రాంగ్స్ పక్కకు తీసేస్తారు. బిడ్డ నిలకడపడ్డాక సీపాప్ ఉండగానే గుండెల మీద పడుకోబెట్టుకోవచ్చు. గొట్టాల బరువు ముక్కు మీద పడకుండా తల్లి చీర భుజానికి టేపు వేయండి.