సమస్య: ఎద్దు వెనుక నుండ నేగె బండి

గురులఘువు: ఈ వారం ఆటవెలది. కార్ల పిచ్చి ఉన్నవాళ్లు చాలామంది కాబట్టి, లంబోర్గిని మియూరాకీ ఇప్పటి రెవుఎల్టోకీ అన్వయిస్తే ఇంకా సంతోషం. ఆ కంపెనీ గుర్తు నిజానికి ఆంబోతు. యతి కోసం ఎద్దును చేశాను, క్షమించాలి.

గ్యారేజీ:
మియుర కారులోన మేటి యింజను చేరె
నడుపువాని వెనుక నడ్డముగను
కొమ్ములెత్తి తోయఁ గొండంత బలముతో
నెద్దు వెనుక నుండ నేగె బండి

1966లో జెనీవాలో చూపించిన కారు ఇది. 3.9 లీటర్ల వీ12ని (పన్నెండు సిలిండర్ల ఇంజను) అడ్డంగా ఇరికించడానికి గేరుబాక్సును కూడా అదే పోతలో కలిపేశారు. మొదట్లో రెండింటికీ ఒకే ఆయిలు! ఎత్తు మీటరు దాటి ఓ అయిదారు సెంటీమీటర్లే.

గురులఘువు: భావం బాగుంది. రెండో పాదంలో యతి తప్పింది. 'వెనుకన్ + అడ్డముగను' కదా, అక్కడ యతి అకారానికే చెల్లుతుంది, ద్రుతం 'న'కు కాదు. 'నాసనంపు వెనుక నడ్డముగను' అంటే సరి. మియూరాను 'మియుర' అని కుదించడం నాకు ముల్లులా గుచ్చుకుంటోంది గానీ, పరభాషా పదం కాబట్టి వదిలేద్దాం. 'కొండంత బలం' మాత్రం ఆనాటి 350 గుర్రాలకు (హార్స్‌పవర్) చెల్లుతుంది. ఎద్దు పద్యంలో గుర్రాల లెక్కేమిటో!

గిత్త:
కొత్త బండి ముందు కోడెదూడలు రెండు
మెరుపు మేత మేసి మెరయుచుండ
పాత రంకె వేయఁ బన్నెండు గొంతుల
నెద్దు వెనుక నుండ నేగె బండి

గురులఘువు: ఆహా! 'మెరుపు మేత' అంటే బ్యాటరీ కరెంటే కదా. దోషం లేదు.

గ్యారేజీ: రెవుఎల్టోలో కరెంటు మోటార్లు మూడండీ, మూడోది గేరుబాక్సు దగ్గర. ఇంజనుతో అన్నీ కలిపి వెయ్యి గుర్రాలు దాటుతాయి. వీ12 మాత్రం 6.5 లీటర్లది, కారు పొడవునా కూర్చుంది. మియూరాలో పెట్రోలు ట్యాంకు ముందుండేది. అది ఖాళీ అయ్యేకొద్దీ స్పీడులో ముక్కు తేలిపోయేది. ఆ భయం 'కొమ్ములెత్తి'లో ధ్వనించిందనుకున్నా, ఎవరూ పట్టుకోలేదు.

గిత్త: మూడో దూడకు గణాలు చాల్లేదు గురూగారూ. ఇంకో తమాషా ఏంటంటే, రెవుఎల్టోని రివర్సులో నడిపేది ముఖ్యంగా ముందున్న ఆ రెండు మోటార్లు.

గురులఘువు: అయితే వచ్చే వారం సమస్య దొరికింది. రాసుకోండి:

దూడ ముందు నుండి తోసె బండి