అప్‌డేట్: సోమశిల నీళ్లలో మెత్తబడే గాలి కయాక్, లీకేజీ కాదు

ఒడ్డున గట్టిగా నింపిన గాలి కయాక్ (గాలి కొట్టి వాడే చిన్న తెడ్డు పడవ) నీళ్లలో దించిన కాసేపటికే మెత్తబడుతోంది, ఎక్కడన్నా లీకవుతోందా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే వాల్వు చుట్టూ, అతుకుల వెంట సబ్బునీళ్లు పూస్తే ఒక్క బుడగ కూడా రాలేదు. అంతా ఎండ వేడి, నీళ్ల చల్లదనం వల్లే.

ఎండలో నింపితే లోపలి గాలి 40 డిగ్రీల దాకా ఉంటుంది, సోమశిల దగ్గర కృష్ణా నది నీళ్లు 25 అనుకోండి. ఆ గాలి పూర్తిగా చల్లబడితే 1.5 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత)లో దాదాపు సగం పోతుంది. అందుకే నీళ్లలో దించి, పది నిమిషాలు ఆగి, పడవ మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు మళ్లీ పంపు కొట్టాలి. ఒడ్డుకు లాగగానే మాత్రం కొంత గాలి తీసెయ్యాలి, లేకపోతే ఎండకు ఉబ్బి అతుకులు విడిపోవచ్చు. చెట్టు కింద పెట్టాం కదా అని ధీమా వద్దు, నీడ జరుగుతుంది.

పక్షులు చూసేవాళ్లకు ఇందులో ఇంకో లాభం ఉంది. గట్టిగా ఉన్న పడవ తిన్నగా పోతుంది, తెడ్డు తక్కువ వేస్తే చాలు. తెడ్డు మెరిస్తే చాలు, బుడుబుంగలు నీళ్లలోకి మునిగిపోతాయి మరి. నీటికాకులు రెక్కలారేసుకునే మోడు వైపు గాలివాటున, తెడ్డు ఒళ్లో పెట్టుకుని జారండి. రెక్కలు ముడిచి మెడ నిక్కించిందా, ఇక దగ్గరికి పోవద్దు. నీళ్లలో మునిగిన మోడులుంటాయి, పడవ తిన్నగా పోయేందుకు అడుగున ఉండే రెక్క, అంటే స్కెగ్, వాటికే తగులుతుంది. అక్కడ పొట్టి స్కెగ్ మేలు.