కొత్త ఇల్లు, చిన్న పిల్లలు: తాగడానికి నల్లా నీళ్ళా, ఫిల్టరు డబ్బా నీళ్ళా?

ఇద్దరు పిల్లల తల్లి, మునుగోడు ప్రాంతం:

శ్రావణ మాసంలో గృహప్రవేశం చేసుకుని అద్దె ఇంటి నుండి సొంత ఇంటికి వచ్చాము. పాపకు 5 ఏళ్ళు, బాబుకు 10 నెలలు. ఇల్లు మొదలుపెట్టేటప్పుడు వేయించిన బోరు 400 అడుగులు దాటింది. గోడలు తడపడానికి వాడిన ఆ బోరే ఇప్పుడు ఇంటికంతటికీ ఆధారం. ప్రభుత్వం నది నీటిని శుద్ధి చేసి పంపే మిషన్ భగీరథ నల్లా కూడా ఉన్నది, రోజు విడిచి రోజు తెల్లవారుజామున వస్తుంది. మేస్త్రీ సలహా మీద రెండు పైపులనూ ఒకే సంపులోకి ఇచ్చాము. మోటారు వేస్తే ఆ నీళ్ళే మిద్దె మీది ట్యాంకులోకి ఎక్కి, వంటింటికీ స్నానాల గదికీ దిగుతాయి.

రెండు నెలలుగా ఇంట్లో ఒక వాదన తెగడం లేదు. మా మామగారి పళ్ళ మీద చిన్ననాటి గోధుమరంగు చారలు ఇప్పటికీ ఉన్నాయి, ఆయన అన్నగారు నడుము వంగిపోయి మెడ తిప్పలేని స్థితిలోనే కాలం చేశారు. రెండూ ఇక్కడి భూగర్భజలంలో ఎక్కువగా ఉండే ఫ్లోరైడు అనే పదార్థం వల్ల వచ్చినవే. అందుకే మామగారు, కృష్ణా నీళ్ళు గడప దాకా వచ్చిన తరువాత పైసలు పెట్టి నీళ్ళు కొనడమేమిటని అడుగుతారు. మా ఆయన మాత్రం పిల్లల నోట్లోకి 20 లీటర్ల డబ్బా నీళ్ళు తప్ప మరొక చుక్క పోరాదంటారు. పాపకు జడ వేస్తూ, టిఫిను డబ్బా సర్దుతూ, చంకలోని బాబుకు ఉగ్గు కలుపుతూ, ఏ బిందెలో ఏ నీళ్ళున్నాయో గుర్తు పెట్టుకోవలసింది నేను. ఈ ప్రాంతంలో పిల్లలను పెంచినవారు మీ అనుభవం చెప్పగలరు.

ఒక తండ్రి, మిర్యాలగూడ:

అక్కా, మీ ఆయన మాటే సరైనదని నా అభిప్రాయం. నది నీరు శుద్ధి కేంద్రంలో బాగానే ఉండవచ్చు, కానీ మన ఇంటికి చేరేలోపు ఎన్ని మోరీల పక్క నుండి, ఎన్ని అతుకుల గుండా వస్తుందో చూడాలి. మా వీధిలో పైపు పగిలిన వారం మా చిన్నవాడికి విరేచనాలు పట్టుకుని మూడు రోజులు సెలైను ఎక్కించవలసి వచ్చింది. వాడికి అప్పుడు ఏడాదిన్నర. ఆ మూడు రాత్రులు ఆసుపత్రి బల్ల మీద కూర్చున్న తరువాత, నల్లా నీటి మీద ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా నా మనసు ఒప్పుకోలేదు. డబ్బాలో వచ్చేది ఆర్‌ఓ యంత్రంలో, అంటే సన్నని పొర గుండా ఒత్తిడితో పంపి, వడకట్టిన నీరు. అందులో ఫ్లోరైడు చాలా వరకు పోతుంది, క్రిములూ ఆగుతాయి. నెలకు అయ్యే ఖర్చు ఒకసారి ఆసుపత్రికి వెళ్తే అయ్యేదానికన్నా తక్కువే. పిల్లలు పెద్దయ్యే దాకా డబ్బా నీళ్ళే వాడండి.

విశ్రాంత ఉపాధ్యాయుడు, మర్రిగూడ మండలం:

బాబూ, మీ పిల్లవాడు పడిన బాధ నాకు అర్థమైంది, పైపు పగిలిన వారం గురించి మీరు చెప్పిన దానిని నేను కాదనను. అయితే ఈ నీటి వెనుక ఉన్న సంగతి తెలియకుండా నల్లాను పక్కన పెట్టడం నాకు కష్టంగా ఉన్నది.

నేను ఉద్యోగంలో చేరిన కాలంలో మా తరగతి గదిలో నవ్వినప్పుడు తెల్లని పళ్ళు కనిపించే పిల్లలు తక్కువ. మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతూ నడిచే పిల్లలను ఆటల పీరియడులో ఏం చేయాలో తోచక చెట్టు కింద కూర్చోబెట్టేవాళ్ళం. ఆ మోకాళ్ళ వంకర గురించే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. మన రాతినేలలోని గ్రానైటు నుండి ఫ్లోరైడు భూగర్భజలంలోకి దిగుతుంది. బావులు ఎండి బోర్లు లోతుకు పోయిన కొద్దీ రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీటిని పైకి తోడుకున్నాము. నాగపూరులోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగు పొడితో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించి దానికి మన నల్లగొండ పేరే పెట్టింది. ప్రపంచమంతా పాఠ్యపుస్తకాలలో మన జిల్లా పేరు అలా చదువుకుంటుంది. ఆ పద్ధతిలో పటిక మోతాదును నీటిని బట్టి లెక్కగట్టాలి, కలియబెట్టాలి, తేరనివ్వాలి, మడ్డిని పారబోయాలి. తెల్లారితే కూలికి పోవలసిన తల్లి ప్రతిరోజూ చేయగలిగిన పని కాదది.

భగీరథ పథకానికి గుర్తుగా కట్టిన పైలాను స్తంభాన్ని 2015లో చౌటుప్పల్‌లో నిలబెట్టినప్పుడు మా ఊరి నుండి వెళ్ళి చూసి వచ్చిన వారిలో నేనొకడిని. మన నేల అడుగున ఉన్న నీటిని బాగు చేయడానికి బదులు నేల పైన పారే నీటిని తెచ్చుకోవడమే అసలు మందు అని శివన్నగూడెం, బట్లపల్లి వంటి ఊళ్ళు ఎన్నో ఏళ్ళు మొరపెట్టుకున్నాయి. ఆ నీరు వచ్చింది. ఇప్పుడు దానితో బట్టలుతికి, పిల్లలకు డబ్బా నీళ్ళు కొని పోస్తున్నాము. డబ్బాలో ఏమున్నదో కొనేవారిలో ఎందరు చూశారు? ఆర్‌ఓ యంత్రం ఫ్లోరైడుతో పాటు క్యాల్షియం, మెగ్నీషియం కూడా తీసివేస్తుంది. పొరను సమయానికి మార్చకపోతే ఫ్లోరైడు సరిగా ఆగదు. డబ్బా లోపలి గోడలు కడిగారో లేదో మూత తీసి చూస్తేనే తెలుస్తుంది. మీ మామగారి మాట వినండి, అమ్మా.

అంగన్‌వాడీ టీచరు, నాగర్‌కర్నూల్ జిల్లా:

సారు చెప్పినదీ, అన్న చెప్పినదీ చదివాను. ఇద్దరూ గ్లాసులోని నీటి గురించే మాట్లాడారు. నేను ఈ తల్లిని అడగదలచినది వేరు: అన్నం ఏ నీళ్ళతో వండుతున్నారు?

మా కేంద్రానికి వచ్చే తల్లులలో చాలామంది పిల్లలకు డబ్బా నీళ్ళే తాగిస్తున్నామని గర్వంగా చెబుతారు. ఇంటికి వెళ్ళి చూస్తే బియ్యం కడిగేది, ఎసరు పెట్టేది, పప్పు ఉడికించేది బోరు నీళ్ళతో. మరిగిస్తే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీటిలో దాని మోతాదు పెరుగుతుంది. లీటరులో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్న బోరు నీటిని పావు లీటరు పీల్చుకున్న అన్నం తింటే, ముప్పావు మిల్లీగ్రాము పళ్ళెం ద్వారానే లోపలికి పోయినట్లు. 60 కిలోల తండ్రికి అది పెద్ద లెక్క కాకపోవచ్చు, 9 కిలోల బాబుకు అలా కాదు. చారు, పప్పు, ఉగ్గు, మెత్తగా ఉడికించిన కిచిడీ, ఇలా చిన్నపిల్లల తిండిలో సగానికి పైగా నీళ్ళే ఉంటాయి. పాపకు 8 ఏళ్ళు వచ్చేదాకా శాశ్వత దంతాల పింగాణీ పొర చిగుళ్ళ లోపల తయారవుతూనే ఉంటుంది. ముందు పళ్ళ పొర అయితే తొలి నాలుగైదేళ్ళలోనే తయారవుతుంది. ఆ కాలంలో పడిన మచ్చ ఏ పేస్టుతో తోమినా పోదు.

ఇంకొక సంగతి. స్నానం చేయించేటప్పుడు మగ్గు నోటికి పెట్టుకోని పిల్లలను నేను చూడలేదు. పళ్ళు తోముకునేటప్పుడు పుక్కిలించవలసిన నీటిని మింగేస్తారు. పేస్టులోనూ ఫ్లోరైడు ఉంటుంది కనుక మూడేళ్ళ లోపు వారికి బియ్యపు గింజంత, ఆ పైన ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత చాలు.

మరొకటి కూడా చెప్పాలి, ఎందుకంటే భయపడి చంటిపిల్లలకు పాలు మాన్పించిన వారిని చూశాను. తల్లి తాగిన నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్నా తల్లిపాలలోకి చాలా తక్కువ వస్తుంది. ఆరు నెలల లోపు పిల్లలకు వేరే నీరు అవసరమే లేదు. మీ బాబుకు ఆ దశ దాటింది, అయినా పాలు మాన్పించకండి.

ఒక తండ్రి, మిర్యాలగూడ:

టీచరమ్మా, వంట నీటి సంగతి నేను నిజంగా ఆలోచించలేదు. మా ఇంట్లోనూ డబ్బా నీరు తాగడానికే. అయితే వంటకు కూడా డబ్బాలే అంటే ఇద్దరు పిల్లలున్న ఇంటికి రోజుకు రెండు డబ్బాలైనా కావాలి. అది ఎందరికి సాధ్యం?

ఇద్దరు పిల్లల తల్లి, మునుగోడు ప్రాంతం:

టీచరుగారి ప్రశ్న చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అత్తగారు బోరు నీళ్ళలో పప్పు ఉడకదని, నల్లా వచ్చిన రోజు బిందె పట్టి పప్పు మాత్రం ఆ నీళ్ళతో వండుతున్నారు. అన్నానికి ట్యాంకు నీళ్ళే. బాబు ఉగ్గుకు కూడా, డబ్బా ఖాళీ అయిన రోజుల్లో, ట్యాంకు నీళ్ళే మరిగించి వాడాను. మరిగిస్తే మంచిదనుకున్నాను.

మరుసటి రోజు మూడు సీసాలలో నీళ్ళు పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ప్రయోగశాలకు పంపించాము. ఫ్లోరైడు బోరులో లీటరుకు 2.8 మిల్లీగ్రాములు, భగీరథ నల్లాలో 0.4, సంపులో 1.9 అని చీటీ ఇచ్చారు. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు. అంటే నల్లా ద్వారా మంచి నీరే వచ్చి, మా సంపులో మేమే దానిని చెడగొట్టుకుంటున్నాము. ఆ చీటీ చూసి మామగారు చాలాసేపు మాట్లాడలేదు. నల్లా నీళ్ళు తాగుతున్నామనే నమ్మకంతో ఆయన ఈ రెండు నెలలూ ట్యాంకు నీళ్ళే తాగారు.

విశ్రాంత ఉపాధ్యాయుడు, మర్రిగూడ మండలం:

అమ్మా, నేను ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే. మీ మొదటి మాటలోనే ఒకే సంపు అని రాశారు, నేను దానిని దాటి పోయాను. కొత్తగా కడుతున్న ఇళ్ళన్నింటిలో మేస్త్రీలు ఇదే పని చేస్తున్నారు, రెండు పైపులు ఒక గుంతలోకి ఇస్తే వారికి పని తేలిక. రంగులు, టైల్సు ఎంచుకోవడానికి నెల రోజులు తిరిగే మనము నీటి పైపు దగ్గర మేస్త్రీ మాటకు తలూపుతున్నాము.

నల్లా పైపును సంపుకు చేరకముందే చీల్చి, వంటింటి బయట 300 నుండి 500 లీటర్ల చిన్న ట్యాంకు పెట్టించండి. వీధిలో వచ్చే ఒత్తిడికి నీరు ఎక్కేంత ఎత్తులోనే ఉండాలి. దాని నుండి వంటింటికి ఒకే ఒక నల్లా ఇప్పించండి. బోరు నీరు ఆ పైపులోకి ఏ వాల్వు ద్వారానూ కలవకుండా చూడండి. వాల్వు పెడితే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు తిప్పుతారు.

అంగన్‌వాడీ టీచరు, నాగర్‌కర్నూల్ జిల్లా:

సారు చెప్పిన పద్ధతి బాగుంది. ఆ ట్యాంకును పదిహేను రోజులకొకసారి తోమి కడగాలి. రెండు రోజులు నిలవ ఉన్న నీటిలో క్లోరిను తగ్గిపోతుంది, అందుకే అన్న చెప్పిన విరేచనాల భయం కొట్టిపారేయదగినది కాదు. బాబుకు రెండేళ్ళు వచ్చేదాకా ఆ నల్లా నీటిని కాచి చల్లార్చి తాగించండి. నల్లా నీటిలో ఫ్లోరైడు తక్కువ కనుక ఇక్కడ కాచడం వల్ల మేలే. టీ మాత్రం పిల్లలకు వద్దు, టీ ఆకులో ఫ్లోరైడు ఉంటుంది. పాలు, గుడ్లు, రాగి జావ ఇవ్వండి, క్యాల్షియం సరిగా అందని పిల్లల ఎముకల మీదే ఫ్లోరైడు ఎక్కువ ప్రభావం చూపుతుంది. చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయిందని పోషకాహార సంస్థ వారే గమనించారు. మన పచ్చిపులుసు, చారు తినే అలవాటును మానుకోవలసిన పని లేదు, కానీ దానిని మందు అనుకుని బోరు నీళ్ళు తాగించకూడదు.

బాబు రేపో మాపో నడుస్తాడు. సంపు మూతకు తాళం వేయించారా?

ఒక తండ్రి, మిర్యాలగూడ:

నేను ఇప్పటికీ తాగడానికి డబ్బాయే తెప్పిస్తాను, ఎందుకంటే మా వీధి పైపును ఇంతవరకు మార్చలేదు. దానిని మార్చి, పరీక్ష చీటీ నా చేతికి వచ్చినప్పుడు ఆలోచిస్తాను. ఈ విషయంలో సారుతో నేను ఏకీభవించలేను. కానీ ఈ ఆదివారం మా ఇంటి బోరు నీటిని, డబ్బా నీటిని కూడా సీసాలలో పట్టి పరీక్షకు పంపిస్తున్నాను. అన్నం దేనితో వండాలో ఆ తరువాత తేలుస్తాము.

ఇద్దరు పిల్లల తల్లి, మునుగోడు ప్రాంతం:

నిన్న ప్లంబరు వచ్చి నల్లా పైపును వేరు చేశాడు. కొత్తగా వేసిన గచ్చు ఒక మూరెడు పగలగొట్టవలసి వచ్చింది, మా ఆయనకు అది మనసుకు కష్టమే అయినా దగ్గరుండి చేయించారు. చిన్న ట్యాంకు వంటింటి కిటికీ పక్కన, సిమెంటు ఇటుకల దిమ్మె మీద కూర్చున్నది. స్నానాల గదికి బోరు నీళ్ళే కనుక, పాప పళ్ళు తోముకోవడానికి వంటింటి నల్లా నుండి చిన్న చెంబు నింపి ఇస్తున్నాను. ఈ నెల దాకా డబ్బా కూడా తెప్పిస్తాము, ఆ తరువాత వద్దని మామగారు, ఉండనివ్వాలని మా ఆయన అంటున్నారు. సంపు మూతకు తాళం ఈ ఉదయమే వేయించాము, తాళంచెవి దేవుడి గూట్లో పెట్టాను.