లియో క్షిట్స్కీది గోడ దూకుడేనా?

గోదారోడు:
ఈయన పేరు మన దగ్గర పెద్దగా వినబడదు కాబట్టి ముందు నాలుగు ముక్కలు. 1881లో అమెరికాలోని మిల్వాకీలో, పోలండు నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టాడు. లితో ప్రెస్సులో పని చేస్తూ యూనియన్‌లోకి వచ్చాడు. 1912లో సోషలిస్టుగా నగర కౌన్సిల్‌కి గెలిచాడు. తర్వాత దర్జీ కార్మికుల సంఘం అమాల్గమేటెడ్‌లో ఉపాధ్యక్షుడయ్యాడు. 1933లో అప్పటి చైర్మన్ మోరిస్ హిల్‌క్విట్ చనిపోయాక ఏకంగా సోషలిస్ట్ పార్టీ జాతీయ చైర్మన్. అలాంటి మనిషి 1936లో పార్టీ వదిలేసి, డెమోక్రాట్ అయిన రూజ్‌వెల్ట్‌కి మద్దతిచ్చాడు! సోషలిస్టుల సొంత అధ్యక్ష అభ్యర్థి నార్మన్ థామస్‌కి 1932లో 8.8 లక్షల ఓట్లు వచ్చాయి, 1936లో 1.9 లక్షలు కూడా రాలేదు. చైర్మనే వెళ్లిపోతే కార్యకర్త ఎందుకుంటాడు? నా లెక్కలో ఇది గోడ దూకుడే. కాదనేవాళ్లు చెప్పండి.

శారద_ఎం:
గోడ దూకినవాడికి అవతల కుర్చీ వేసి ఉండాలి కదండీ. రూజ్‌వెల్ట్ ఈయనకి మంత్రి పదవేమీ ఇవ్వలేదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆక్రన్‌లో గుడ్‌ఇయర్ రబ్బరు కార్మికులు సమ్మె చేస్తే, అక్కడి చలిలో వాళ్లతో ఉన్న బయటి నాయకుల్లో ఈయనొకడు. పదవి కోసం పాకులాడేవాడు చేసే పని కాదది.

ఓట్ల సంగతికొస్తే, అవి క్షిట్స్కీ ఎత్తుకుపోయినవి కావు. 1935 జులైలో వాగ్నర్ చట్టం వచ్చింది. కార్మికులు యూనియన్‌ని ఎన్నుకుంటే యజమాని దానితో కూర్చుని మాట్లాడి తీరాలి. ఆగస్టులో వృద్ధాప్య పింఛను, నిరుద్యోగ భృతి చట్టం. సోషలిస్టులు ఏళ్ల తరబడి అడుగుతున్నవి ఇంకొకడు వచ్చి చేసిపెడుతుంటే, కుట్టు మిషను ముందు కూర్చున్న మనిషి థామస్‌కి ఎందుకు వేస్తాడు?

తూర్పుగాలి:
ఇంత సిద్ధాంతం అక్కర్లేదు. అమాల్గమేటెడ్ అధ్యక్షుడు సిడ్నీ హిల్‌మన్ రూజ్‌వెల్ట్ వైపు వెళ్లాడు, వెనకాలే ఉపాధ్యక్షుడూ వెళ్లాడు. జీతమిచ్చేది సంఘం, పార్టీ కాదు.

మిల్వాకీవాసి:
నేను ఉద్యోగరీత్యా ఇక్కడే ఉంటున్నాను కాబట్టి ఒకటి కలుపుతాను. ఊరికి దక్షిణాన బే వ్యూ అని ఉంది, అప్పట్లో అక్కడో ఇనుప మిల్లు. 1886 మే 5న ఎనిమిది గంటల పని దినం కోసం సెయింట్ స్టానిస్లాస్ చర్చి దగ్గర పోగైన కార్మికులు ఆ మిల్లుకి ఊరేగింపుగా బయల్దేరారు. ఎక్కువమంది పోలిష్ వాళ్లే. రాష్ట్ర మిలీషియా కాల్చింది, కనీసం ఏడుగురు పోయారు, అందులో పదమూడేళ్ల పిల్లాడు ఒకడు. క్షిట్స్కీకి అప్పుడు అయిదేళ్లు కూడా నిండలేదు. తను పెరిగిందే ఆ కథలు చెప్పుకునే ఊళ్లో. పైగా అక్కడి పోలిష్ ఫాదర్లకి సోషలిస్టులంటే పడదు. వాళ్లని కాదని ఎర్రజెండా పట్టినవాడిని జీతం కోసం వెళ్లాడంటే నేనొప్పుకోను.

గోదారోడు:
సరే, డబ్బు మాట పక్కన పెడదాం. వెళ్లి ఏం సాధించాడో చూద్దాం. 1937 మే 30న చికాగోలో రిపబ్లిక్ స్టీల్ సమ్మె. సామ్స్ ప్లేస్ అనే హాలు దగ్గర సభ, మాట్లాడినవాళ్లలో క్షిట్స్కీ ఉన్నాడు. సభ అవగానే జనం, ఆడవాళ్లూ పిల్లలతో సహా, మైదానానికి అడ్డంపడి మిల్లు గేటు వైపు నడిచారు. పోలీసులు కాల్చారు. పదిమంది చచ్చిపోయారు, ఎక్కువమందికి గుళ్లు తగిలింది వీపులో. పారామౌంట్ వార్తాచిత్రాల కెమెరాలో అంతా రికార్డయితే, అల్లర్లు జరుగుతాయని మొదట్లో ఆ రీలు సినిమా హాళ్లలో వేయలేదు.

ఇప్పుడు చెప్పండి, చికాగో మేయర్ ఎడ్వర్డ్ కెల్లీ ఏ పార్టీ? డెమోక్రాట్, పైగా రూజ్‌వెల్ట్ మనిషి. నెల తిరిగేసరికి రూజ్‌వెల్ట్ ఏమన్నాడు? 'మీ రెండిళ్లూ నాశనమవ్వాలి' అని జనం అనుకుంటున్నారట. కాల్చినవాడూ, కాల్పులు తిన్నవాడూ ఒకటే! దీనికోసమా పార్టీ వదిలింది?

శారద_ఎం:
ఆ మాట దారుణం, కాదనను. కానీ ఆ రిపబ్లిక్ స్టీలే చివరికి 1942లో యూనియన్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టింది. ఎవరి పుణ్యాన? వాగ్నర్ చట్టం కింద నడిచిన కేసుల వల్ల. థామస్‌కి ఇంకో పది లక్షల ఓట్లు పడినా ఆ సంతకం వచ్చేది కాదు.

పాత_కార్డు:
మీరంతా 1936 పట్టుకుని వేలాడుతున్నారు, అసలు మచ్చ ఆ తర్వాతది. 1942లో డెట్రాయిట్‌లో అమెరికన్ స్లావ్ కాంగ్రెస్ అని, అమెరికాలోని పోలిష్, రష్యన్ లాంటి స్లావ్ జాతులవాళ్ల సంఘం పెట్టారు, అధ్యక్షుడు క్షిట్స్కీ. హిట్లర్ మీద యుద్ధం, అందరూ కలవాలి, అంతవరకు బాగానే ఉంది. కానీ 1945లో రూజ్‌వెల్ట్, చర్చిల్, స్టాలిన్ కూర్చున్న యాల్టా సమావేశం తర్వాత కూడా, మాస్కో కూర్చోబెట్టిన పోలండు ప్రభుత్వాన్నే వెనకేసుకొచ్చాడు. అదే పోలండులో సోషలిస్ట్ పార్టీ నాయకుడు కజిమిఏష్ పుజాక్. 1945 మార్చిలో చర్చలకి రమ్మని పిలిచి సోవియట్ వాళ్లు అరెస్టు చేశారు, జూన్‌లో మాస్కోలో విచారణ. మళ్లీ సొంత దేశంలోనే జైలు, 1950లో అక్కడే చచ్చిపోయాడు. అతను భూస్వామి కాదు, ఫాసిస్టు కాదు. క్షిట్స్కీ లాంటి సోషలిస్టే.

తూర్పుగాలి:
మన కమ్యూనిస్టు పార్టీ కూడా 1942లో ప్రజాయుద్ధం అని...

పాత_కార్డు:
బ్రదర్, అది మొదలైతే ఈ చర్చ రేపటికి కూడా తెమలదు. దానికి వేరే దారం తెరవండి.

శారద_ఎం:
యాల్టాలో సంతకం పెట్టింది రూజ్‌వెల్ట్. క్షిట్స్కీ ఒక్కడినే నిలబెట్టి అడగడం ఏం న్యాయం?

పాత_కార్డు:
రూజ్‌వెల్ట్‌ని ఎవరూ వదల్లేదు లెండి, 1944లో బఫలోలో పుట్టిన పోలిష్ అమెరికన్ కాంగ్రెస్ ఆయన్ని ఎన్ని తిట్టాలో అన్నీ తిట్టింది. నేను చెప్పేది వేరు. 1936లో క్షిట్స్కీ ఎవరి తరఫున మాట్లాడాడో వాళ్లు, అంటే దర్జీ సంఘం కార్మికులు, ఎదురుగానే ఉన్నారు. నచ్చకపోతే వచ్చే మహాసభలో దించేయొచ్చు. దించలేదు, 1948 దాకా ఉపాధ్యక్షుడిగా ఉంచారు. కాబట్టి ఆ నిర్ణయానికి ద్రోహం అనే మాట అతకదు. 1945లో మాత్రం పోలండు జనం తరఫున మాట్లాడాడు. వార్సాలో ఉన్న కార్మికుడు మిల్వాకీలో ఉన్న ఈయన్ని ఎలా దించుతాడు? 1947లో అక్కడ జరిగిన ఎన్నికలే దొంగ ఎన్నికలు.

గోదారోడు:
మీరు మనిషిని రెండు ముక్కలు చేస్తున్నారు. నాకు రెండు చోట్లా కనిపించేది ఒక్కటే అలవాటు. బలమున్నవాడు పని చేసి పెడతాడంటే, మిగతా లెక్కలు తర్వాత చూసుకుందాం అనడం.

శారద_ఎం:
ఒక్క ప్రశ్న. 1936 నవంబర్లో మీరు మిల్వాకీలో దర్జీ. ఓటెవరికి?

గోదారోడు:
థామస్‌కి.

శారద_ఎం:
మర్నాడు షాపులో యజమాని యూనియన్‌ని గుర్తించనంటే ఎవరి చట్టం చూపిస్తారు?

గోదారోడు:
రూజ్‌వెల్ట్ చట్టమే చూపిస్తాను. అందుకని ఓటు కూడా ఆయనకే బాకీ పడ్డానని మాత్రం అనుకోను.