పాత బండ్ల షోకు వాలంటీర్‌గా రమ్మన్నారు, వెళ్లాలా?

దేవరకొండ తమ్ముడు అడిగింది:

అన్నలకు, అక్కలకు నమస్తే. నేను అమెరికాలో అయోవా రాష్ట్రానికి వచ్చి రెండున్నర నెలలైంది. చిన్న ఊరు, ఎటు చూసినా మొక్కజొన్న చేలే, దగ్గరలో మనవాళ్లు ఒక్కరూ లేరు. ఆఫీసు, రూము, మళ్లీ ఆఫీసు. మా టీమ్‌లో ఒక పెద్దాయన వచ్చే నెలలో ఊళ్లో పాత మోటార్ సైకిళ్ల షో ఉందని, దాని మీద వచ్చే డబ్బంతా ఊరి పనులకే వాడతారని, వాలంటీర్‌గా వస్తావా అని అడిగాడు. సరే అన్నాను గానీ అప్పటి నుంచి టెన్షన్. వాళ్ల యాస నాకు సగమే అర్థమవుతుంది. బండ్ల గురించి కూడా ఏమీ తెలియదు, మా నాయినకు ఒక జావా ఉండేది, ఇప్పటికీ గొడ్ల కొట్టంలో ఉంది, అంతవరకే. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఇలాంటి పని చేయొచ్చా? వెళ్తే ఏం చేయాలి?

నార్కట్‌పల్లి అన్న జవాబు:

తమ్ముడూ, వెళ్లు. షో రోజు పొద్దున కాదు, ముందు రోజు సాయంత్రమే వెళ్లు.

మొదట వీసా సంగతి చెప్తాను, అది తేలకపోతే మిగతాది తలకెక్కదు. ఊరి కమిటీయో చారిటీయో నడిపే కార్యక్రమం అయ్యుండి, అక్కడ ఎప్పుడూ జనం జీతం లేకుండా చేసే పనే నువ్వూ చేస్తే ఇబ్బంది లేదు. డబ్బు తీసుకోవద్దు, గిఫ్ట్ కార్డు ఇచ్చినా వద్దను. అక్కడ స్టాల్ పెట్టుకుని సరుకు అమ్ముకునేవాళ్లు ఎవరైనా రెండు గంటలు మా దగ్గర నిలబడు అంటే మాత్రం అది వాలంటీర్ పని కిందకు రాదు, మర్యాదగా కుదరదని చెప్పు. ఇంకా అనుమానం ఉంటే మీ కంపెనీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌కు ఒక మెయిల్ పెట్టు, ఒక్క రోజులో తేలిపోతుంది.

ఇక షో. నేను పదకొండేళ్లుగా ఇదే రాష్ట్రంలో ఇలాంటి ఊళ్లోనే ఉంటున్నాను, ప్రతి ఎండాకాలం ఆ పనిలో ఉంటాను. దీన్ని మన జాతరలా అనుకో. చిన్నప్పుడు చెర్వుగట్టు జాతరకు మా వీధి పిల్లలం నీళ్ల డ్రమ్ముల దగ్గర గ్లాసులు పట్టుకుని నిలబడేవాళ్లం, ఎవరూ పిలిచి జీతం ఇచ్చింది లేదు, మన ఊరి పని అని వెళ్లేవాళ్లం. ఇక్కడా అంతే. రిటైరైన రైతులు, బడి టీచర్లు, ట్రాక్టర్లు రిపేరు చేసేవాళ్లు కలిసి నెలల తరబడి కూర్చుని ప్లాన్ చేస్తారు. బండి పెట్టినవాళ్లు కట్టే ఫీజు, పొద్దున టిఫిన్ అమ్మకం, టీ షర్టులు, వీటి మీద వచ్చిన డబ్బు మా ఊళ్లో ఫైర్ డిపార్ట్‌మెంటుకు వెళ్తుంది. అమెరికాలో ఫైర్ ఫైటర్లలో సగం కంటే ఎక్కువమంది వాలంటీర్లే అని నాకు వచ్చిన కొత్తలో తెలియదు. చిన్న ఊళ్లలో దాదాపు అందరూ అంతే. బ్యాంకులో కూర్చునేవాడు, కోళ్ల ఫారం నడిపేవాడు పిలుపు రాగానే చేతిలో పని వదిలేసి పరుగెత్తుతాడు. మూడో ఏడు చలికాలంలో మా పక్కింటి గరాజ్ అంటుకుంది. పైపు పట్టుకుని మంచులో నిలబడిన మనిషి హెల్మెట్ తీస్తే, ఆ ఆగస్టులో నాతో కలిసి బల్లలు మోసిన ఆయన! ఆ రాత్రి నుంచి ఈ షో నాకు బండ్ల ముచ్చట ఒక్కటే కాదు.

నువ్వు చేయబోయే పని చెప్తాను. ముందు రోజు వరుసలు గీస్తారు, కుర్చీలు దించుతారు, చెత్త డబ్బాలు పెడతారు. ఇంగ్లిష్ పెద్దగా అక్కర్లేని పని ఇదే, మనుషులు దగ్గరయ్యేది కూడా ఇక్కడే, అందుకే ముందు రోజు వెళ్లమన్నాను. షో రోజు పొద్దున బండ్లు వస్తుంటాయి, ఒక్కో బండి స్టాండు కింద చిన్న చెక్క ముక్క పెట్టాలి. చిన్న పనే అనుకోకు. మధ్యాహ్నం ఎండకు తారు మెత్తబడి స్టాండు మెల్లగా దిగబడుతుంది, బండి ఒరిగి పక్క బండి మీద పడిందంటే ఎన్నో ఏళ్ల కష్టం పోతుంది. మే నెలలో మన నల్లగొండ రోడ్ల మీద చెప్పు అంటుకోవడం చూసినవాడివి, నీకు వేరే చెప్పక్కర్లేదు. ఇంజిన్ కింద అట్టముక్క కూడా వేయాలి, పాత ఇంగ్లండ్ బండ్లు ఆయిల్ కారుస్తూనే ఉంటాయి. తర్వాత కార్డులు: ఏ కంపెనీ, ఏ మోడల్, ఏ సంవత్సరం, ఎవరిది. చేతిరాత బాగుంటే ఆ పని అడిగి తీసుకో.

బండిని ముట్టుకోవద్దు. మన దగ్గర షెడ్డులో బండి కనిపిస్తే ఎక్కి కూర్చుంటాం, యాక్సిలేటర్ తిప్పుతాం, ఎవరూ ఏమీ అనరు. ఇక్కడ అది పెద్ద తప్పు. మొదటి ఏడు నేను ఒక ట్యాంకు మీద చెయ్యి వేశాను, ఆ పెద్దాయన ఏమీ అనలేదు, జేబులోంచి గుడ్డ తీసి మెల్లగా తుడిచాడు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. బెల్టు బకిల్, చేతి గడియారం, ప్యాంటు జిప్పు, ఇవన్నీ గీతలు పెట్టేవే. వంగి చూడాలంటే చేతులు వెనక్కి కట్టుకుని చూడు. నచ్చితే అడుగు, అడిగితే వాళ్లే స్టార్ట్ చేసి వినిపిస్తారు.

ఇంకోటి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మనం పాత బండి అంటే కొత్త పెయింట్, కొత్త క్రోమ్, తళతళలాడాలి అనుకుంటాం. ఇక్కడ వాడిపోయిన రంగు, అరిగిన సీటు అలాగే ఉన్న బండి చుట్టూనే ఎక్కువమంది చేరతారు. కంపెనీలో వేసిన పెయింట్ ఒకసారి గీకేస్తే మళ్లీ రాదు కదా. కాబట్టి మీ నాయినకు ఫోన్ చేసి ఆ జావాకు ఎవరైనా పెయింట్ వేస్తామంటే వద్దని చెప్పు.

మాట కలపడానికి కొన్ని సంగతులు. అక్కడ "ఇండియన్" అంటే బండి పేరు. 1901లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మొదలైన కంపెనీ, 1953లో మూతపడింది. వాటిలో చాలా వాటికి క్లచ్ కాలితో నొక్కాలి, గేరు చేత్తో మార్చాలి, దగ్గర నిలబడి చూడు. ఇక్కడి పాత మోటార్ సైకిళ్ల పెద్ద క్లబ్ లెక్కలో 35 ఏళ్లు నిండిన బండి యాంటిక్. అంటే మన దగ్గర 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 కూడా ఆ లెక్కలోకి వచ్చేసింది! బుల్లెట్ సంగతి ఎత్తితే వాళ్లే నిన్ను ఆపి అడుగుతారు. దాన్ని మొదట చేసిన ఇంగ్లండ్ కంపెనీ రాయల్ ఎన్‌ఫీల్డ్ మూతపడిపోయింది, 1955లో మద్రాసులో మొదలైన ఫ్యాక్టరీ మాత్రం ఆ బండిని వదలకుండా చేస్తూనే వచ్చింది. పాత బుల్లెట్‌కు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేదని మనవాళ్లకు తెలిసినంత బాగా ఇక్కడి కుర్రవాళ్లకు తెలియదు.

ఎవరైనా ప్రేమగా ఒక రౌండు కొట్టు అంటే మాత్రం ఒప్పుకోకు. కారు లైసెన్సు చాలదు, మోటార్ సైకిల్‌కు విడిగా తీసుకోవాలి. అయోవాలో హెల్మెట్ చట్టం లేదు, దాన్ని చూసి నువ్వు లేకుండా ఎక్కకు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. సరే అన్నావు కాబట్టి చెప్పిన టైముకు అక్కడ ఉండాలి. రాలేకపోతే రెండు రోజుల ముందే చెప్పు. మన దగ్గర చూద్దాంలే అంటే రానని అర్థం, అందరికీ తెలుసు, ఇక్కడ నీ పేరు కాగితం మీద ఒక పనికి ఎదురుగా రాసి ఉంటుంది, నువ్వు రాకపోతే డెబ్బై ఏళ్ల మనిషి రెండు పనులు చేయాల్సి వస్తుంది.

వనపర్తి అక్క జవాబు:

అన్న చెప్పిందంతా నిజం. పెళ్లయినవాళ్లకు ఒక మాట, హెచ్4 మీద, అంటే హెచ్1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద ఉండి వర్క్ పర్మిట్ లేని వాళ్లు కూడా ఇలా జీతం లేని సేవ చేయొచ్చు. నేను అలాగే మొదలుపెట్టాను, ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చిన రోజులు అప్పటి నుంచి తగ్గాయి. వాలంటీర్ల భోజనానికి సకినాలు చేసుకుని వెళ్లాను, గిన్నె ఖాళీ అయింది. అయితే పక్కన చీటీ పెట్టండి, నువ్వులు, పల్లీలు ఏవి ఉంటే అవి రాయండి. ఇక్కడ చాలామందికి పడవు, నువ్వులను 2023 నుంచి ప్యాకెట్ల మీద తప్పనిసరిగా రాయాల్సిన వాటిలో కలిపారు.

దేవరకొండ తమ్ముడు:

అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్, ముందు రోజే వెళ్తున్నాను. ఇంకో ప్రశ్న. మా నాయిన టీచర్, ఆ జావా మీదే చందంపేట వైపు తండాలకు బడికి వెళ్లేవాడు. దాన్ని ఇక్కడికి తెప్పించుకోవచ్చా? ఎప్పుడైనా ఆ షోలో పెడితే అని ఆశ.

నార్కట్‌పల్లి అన్న:

రూల్ ప్రకారం కుదురుతుంది. 25 ఏళ్లు దాటిన బండికి ఇక్కడి సేఫ్టీ రూల్స్ వర్తించవు, 21 ఏళ్లు దాటి ఇంజిన్ కంపెనీ ఇచ్చినట్టే ఉంటే పొగ రూల్స్ కూడా వర్తించవు. కానీ నేనైతే తెప్పించను తమ్ముడూ. ఖర్చు సంగతి పక్కన పెట్టు, ఆ బండిని గుర్తుపట్టే మనుషులు చందంపేట తోవలో ఉన్నారు, ఇక్కడ లేరు. మైసూరులో చేసిన ఆ బండ్లకు 1973 నుంచి యెజ్డీ అని పేరు మారింది, కాబట్టి మీ ట్యాంకు మీద జావా అనే ఉంటే 50 ఏళ్లు దాటే ఉంటుంది. మన దేశంలో 2021లో వచ్చిన రూల్ ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించొచ్చు, నంబరులో వీఏ అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, రోజూ తిరగడానికి వాడకూడదు. ముందు ఆర్‌సీ కాగితాలు వెతకమను, ఎలుకలు కొట్టకముందే.

షోకు మాత్రం ఆ బండి ఫోటో తీసుకెళ్లు. పగటి వెలుతురులో, సైలెన్సర్ కనపడేలా ఒకటి, కిక్ కనపడేలా ఒకటి తీయించు. కిక్ కొట్టే రాడ్డే ముందుకు తిప్పితే గేరు రాడ్డు అవుతుందని చూపించు, చుట్టూ నలుగురు చేరతారు, అప్పుడు యాస అడ్డం రాదు. నాయిన తండాలకు పోయిన ముచ్చట నీకు వచ్చిన ఇంగ్లిష్‌లోనే చెప్పు. ఇంజిన్ నంబరు కూడా కనుక్కో, వాళ్లు తప్పకుండా అడుగుతారు.

దేవరకొండ తమ్ముడు:

అన్నా, నిన్న రాత్రే ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారుతుంటే నాయిన టార్చి పట్టుకుని కొట్టంలోకి వెళ్లాడు. నాలుగు అంకెలు చదివాడు, మిగతావి మడ్డి కింద ఉన్నాయి, ఉప్పుకాగితం తెచ్చి రుద్దుతా అంటున్నాడు.

నార్కట్‌పల్లి అన్న:

ఉప్పుకాగితం వద్దని ఇప్పుడే ఫోన్ చెయ్యి! కిరసనాయిలు గుడ్డకు తడిపి ఒక గంట దాని మీద ఉంచమను, తర్వాత పాత పళ్ల బ్రష్‌తో మెల్లగా.